గుంత చలి

ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్లకు ఒక జబ్బుంది. దానికి 'గుంత చలి' అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. నూలు తెగకుండా గుంత పక్కనే తొట్టిలో నీళ్లుంచుకుంటారు. ఆ తేమకు వణుకు రాదా అంటారు. మిరియాల కషాయం తాగి, కంబళి కప్పుకుని, తెల్లారి మళ్లీ నేతకు కూర్చుంటారు. చదివేవాళ్లు నవ్వకండి, మన ఇళ్లలోనూ ఇలా పేరు మార్చుకుని తిరిగే జబ్బులు తక్కువేం లేవు. మగ్గం నేసే బసవరాజు కూడా పోయిన వారం ఆ చలికి కషాయమే తాగాడు.

ఇంతలో అతని చెల్లెలి కూతురు ఉమారాణిని కాన్పుకు ఆదోని ఆసుపత్రిలో చేర్చారు. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, ఎక్కించాలన్నారు. మేనమామ ఆగుతాడా? అప్పటికి పదకొండుసార్లు రక్తమిచ్చిన మనిషి, మొదటి బస్సెక్కాడు.

"ఈ మూడు నెలల్లో జ్వరమేమన్నా వచ్చిందా అన్నా?" అని రక్తనిధిలో పనిచేసే హెప్సిబా అడిగింది.

"ల్యాదమ్మా" అన్నాడు. తప్పు చెబుతున్నానని అతనికి తెలియదు, పాపం.

రక్తం తీసి పరీక్షిస్తే మలేరియా తేలింది. హెప్సిబా ఆ సంచిని పక్కన పడేసింది.

"నాకు జ్వరం యాడిదమ్మా? గుంత చలి వచ్చింది, పోయింది!"

"వణుకు, చెమట, మళ్లీ వణుకు. అదే మలేరియా అన్నా. చూడకుండా ఎక్కించింటే ఆ పిల్లకు, కడుపులో బిడ్డకు ఏమయ్యేదో!"

బసవరాజు బెంచీ మీద కూలబడ్డాడు. నా చేత్తో నేనే మేనకోడలికి కీడు చేసేవాణ్ణి కదా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఏడిస్తే ఎట్లన్నా? నిల్వ ఉండే రక్తం ఆ పిల్లకు ఎక్కిస్తాండారు. నువ్వు మాత్రలు మింగు, నడుమ ఆపొద్దు."

ఉమారాణికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. బసవరాజు ఇంటికొచ్చి తొట్టిలోకి తొంగి చూస్తే, నీళ్లలో దోమపిల్లలు హాయిగా ఈత కొడుతున్నాయి. అప్పటికప్పుడు కుమ్మరించి, తోమి, ఎండబెట్టి, దానికి మూత చేయించాడు. మాత్రలూ చివరిదాకా మింగాడు.

నాలుగు నెలలకు వాళ్ల వీధిలోనే రక్తదాన శిబిరం పెట్టారు. పరీక్షలన్నీ బాగున్నాయన్నాక బసవరాజు సంతోషంగా చెయ్యి చాపి పడుకున్నాడు. పక్కన పేరు రాయించుకుంటున్న సాటి నేతగాడు సాయినాథ్ మాట చెవిన పడింది.

"జ్వరం ల్యాదు సార్. మొన్న గుంత చలి, అంతే."

బసవరాజు పడక మీది నుంచే కేకేశాడు.

"ఒరేయ్ సాయీ! ఆ చలి గుంత పెట్టింది కాదురా, దోమ పెట్టింది. ముందు పరీక్ష చేయించుకో. రక్తమిచ్చేది ఒకటే దానం కాదప్పా, ఒంట్లో ఉన్నది ఉన్నట్టు సెప్పేది గూడా దానమే!"