సువార్తలో గీకిన చోటు

తిఫ్లిస్ పట్నం నుంచి వచ్చిన ఆ మనిషి గుర్రం దిగకముందే జోకియాకు అతని మీద అనుమానం పుట్టింది. అంత దూరం కొండదారిన పడి వచ్చినవాడు ముందు మంచినీళ్ళు అడగాలి, తర్వాత పడక అడగాలి. ఇతను మాత్రం జీను మీద నుంచే, "మీ చర్చిలో పాత సువార్త ఉందటగా?" అన్నాడు.

ఉంది. స్వానేతీ కొండల్లో ఆ ఊరికి అంతకుమించిన ఆస్తి లేదు. దాన్ని పెట్టిన చర్చి తలుపుకు మూడు తాళాలు. మూడు ఇళ్ళవాళ్ళు కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. అందులో ఒక తాళంచెవి తాతల నాటి నుంచి జోకియా ఇంటిది. దాన్ని చొక్కా లోపల మెడలో వేసుకుని తిరుగుతాడు, స్నానానికి కూడా తీయడు. ఆ చెవి పోయిన ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు, ఆ ఇంటివాడి ప్రమాణాన్ని ఎవరూ నమ్మరు. కోర్టులు ఎక్కిరాని ఆ కొండల్లో ప్రమాణం చెల్లని మగాడు బతికీ చచ్చినట్టే.

వచ్చినాయన పేరు ఇరోదియోన్. కళ్ళజోడు, సన్నటి చేతులు, తీయటి మాట. సాయంత్రం సారా పోసి కూర్చోబెడితే, వచ్చిన పని విప్పి చెప్పాడు. ఎన్నో వందల ఏళ్ళ కింద మన పెద్దలు సువార్తను జార్జియన్ భాషలోకి తెచ్చుకున్నారట. తర్వాత చదువుకున్న సన్యాసులు దాన్ని గ్రీకు ప్రతితో పోల్చి చూసి, చాలాచోట్ల దిద్దారట. దిద్దిన ప్రతులే దేశమంతా పాకాయి, పాతవి మూలపడిపోయాయి. ఇంత ఎత్తుకు ఆ దిద్దుబాట్లు వచ్చి ఉండకపోవచ్చు, మీ దగ్గరున్నది మొదటి అనువాదమే కావచ్చు అన్నాడు. పాపం, వాళ్ళను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

మరో తాళంచెవి బీబా తాతది. ఆయన గిన్నె కింద పెట్టాడు. "దేవుడి మాటను దిద్దారా?"

"మాది దిద్దకుండా మిగిలిపోయిందని ఇప్పుడు నిన్ను పంపారా?" అన్నాడు జోకియా.

ఇరోదియోన్ పకపకా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

చివరికి ప్రమాణం చేయించుకుని ఒప్పుకున్నారు. పుస్తకం మీద చెయ్యి వేసి, ఇందులోంచి ఒక్క మాట తీయను, ఒక్క మాట కలపను అన్నాడు. చర్చి గడప దగ్గర వెలుతురులో కూర్చుని నకలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎదురుగా గొర్రెతోలు పరుచుకుని జోకియా కాపలా. చదువు రాదు కాబట్టి అక్షరాలను వదిలేసి చేతులను చూస్తూ కూర్చున్నాడు. ముఖ్యంగా, పెన్సిలు చెక్కుకోవడానికి ఆయన తెచ్చుకున్న చిన్న కత్తిని. ఆయన తుమ్మితే జోకియా గబుక్కున పుస్తకం మూసేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు మంచినీళ్ళ వంకన వచ్చి ఈ వేడుక చూసి పోయేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఇరోదియోన్ రాత ఆపాడు. పుటను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇక్కడెవరో గీకేశారయ్యా. రెండు వరుసలు లేవు."

జోకియా వంగి చూశాడు. చుట్టూ నల్లటి రాత, మధ్యలో పుట తోలు తెల్లగా బయటపడి ఉంది. ఆయన మోకాలి మీద కత్తి ఉంది. ఇంకేం కావాలి? జోకియా కేకకు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. రెప్పవాల్చకుండా చూశావా అని బీబా నిలదీశాడు. పొద్దున ఎద్దు తాడు తెంపుకుంటే పట్టుకు రావడానికి వెళ్ళానని జోకియా ఒప్పుకోక తప్పలేదు. ఆ కాస్త సేపు చాలు అన్నారు అందరూ.

తీర్పు మర్నాటికి పెట్టారు. నింద పడ్డవాడు పుస్తకం మీద ప్రమాణం చేయాలి, వాడి మాట నిజమని పరువుగల మనుషులు పక్కన నిలబడి తోడు ప్రమాణం చేయాలి. అది అక్కడి ఆచారం. పరాయివాడికి అన్నదమ్ములెక్కడ, మేనమామలెక్కడ? ఎవరూ నిలబడకపోతే దొంగ అని తేలినట్టే. రాసుకున్న కాగితాలన్నీ పొయ్యిలో వేసి, మెడపట్టి గెంటుతారు. జోకియాకు సంతోషమేసింది. తన కన్ను తప్పు చూడలేదని గర్వపడ్డాడు కూడా.

ఇంటికొచ్చి ఆ ముచ్చటంతా భార్య గులాదాకు చెప్పాడు. ఆమె మాంసం రొట్టెకు పిండి పిసుకుతోంది. వింటూ వింటూ చేతులు ఆపేసింది.

"ఆయన గీకలేదు. నేను గీకాను."

జోకియాకు ముందు అర్థం కాలేదు.

"ఆ మంచు ఏడాది, పక్కూరి తగువులో ప్రమాణానికని పుస్తకం బయటికి తీశారుగా. దారి మూసుకుపోయి మనింట్లోనే ఉండిపోయింది. మన సీరుకి అప్పుడు జ్వరం. నువ్వు గొడ్ల దగ్గరికి వెళ్ళినప్పుడు గీకి, నీళ్ళలో కలిపి తాగించాను. మా అమ్మమ్మ అయితే దేవుడి పటాల రంగు గీకి పట్టేది. మాటలైతే ఇంకా పనిచేస్తాయనుకున్నా."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే పిల్లకు నీళ్ళు పట్టేవాడివా, బీబా తాత దగ్గరికి పరిగెత్తేవాడివా?"

పరిగెత్తేవాడే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మూలన కూతురు సీరు ఉన్ని వడుకుతూ, తన గురించే మాట్లాడుతున్నారని తెలియక, ఏదో కూనిరాగం తీస్తోంది. తిఫ్లిస్ మనిషి చేతుల మీద అన్ని రోజులు కన్నువేసి కూర్చున్నాడు గానీ, తన ఇంటి కత్తి సంగతి అతనికి తెలియలేదు. సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది.

పొద్దున చర్చి ముందు బండ మీద సువార్త పెట్టారు. ఇరోదియోన్ ఒక్కడే నిలబడ్డాడు. ఈయనకు తోడు ఎవరని బీబా అడిగాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు జోకియా నడిచి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. మెడపట్టడానికి వెళ్ళాడనుకున్నారు జనం.

"ఈయన గీకలేదు," అన్నాడు పుస్తకం మీద చెయ్యి వేసి.

"నీకెలా తెలుసు?"

దారిపొడుగునా రకరకాల అబద్ధాలు సిద్ధం చేసుకున్నాడు. పుస్తకం తగిలేసరికి ఒక్కటీ నోట రాలేదు. ఆ అబద్ధం వెళ్ళి పిల్లకు తగులుతుందని భయం.

"మా ఇంట్లో గీకారు తాతా. పిల్ల జ్వరానికి తాగించారు."

మెడలోంచి తాళంచెవి తీసి బీబా చేతిలో పెట్టాడు. ఎవరూ తిట్టలేదు. పక్కనున్నవాళ్ళు కాస్త జరిగారు. ఆ మంచు ఏడాది పుస్తకం మీ ఇంట్లో ఎన్ని రోజులుంది, దాన్ని ఇంకేమేం చేశారు అని బీబా మెల్లగా అడిగాడు. నిన్నటి దాకా జోకియా ఆ పరాయివాణ్ణి ఎలా చూశాడో, ఇప్పుడు ఊరు అతన్ని అలా చూసింది.

ఇరోదియోన్ కృతజ్ఞతలు చెప్పలేదు. కోపంగా జోకియా వైపు తిరిగాడు. "ఆ రెండు వరుసల కోసమే వచ్చాను. వాటి పాత రూపం ఇంకెక్కడా మిగల్లేదు." తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ పిల్ల ఎవరని అడిగాడు. గులాదా సీరును తన చాటుకు లాక్కుంది. ఆయన చాలాసేపు ఆ పిల్లనే చూశాడు.

"ఇప్పుడు బాగుందా?"

"బాగుంది," అంది గులాదా.

ఆయన తల ఊపి, చర్చి గడప దగ్గర మళ్ళీ కూర్చుని, నకలు కాగితం మీద ఆ రెండు వరుసలకని వదిలిన ఖాళీలో ఏదో రాశాడు. ఏం రాశాడో చూడాలని జోకియా అలవాటుగా రెండడుగులు వేశాడు.

"నువ్వు బయటే ఉండు జోకియా," అన్నాడు బీబా.