చీటీ మీది పేరు

అంతమ్మ సున్నిపిండిని రెండోసారి జల్లిస్తోంది. జల్లెడ పట్టింది చాలదా అంటే చాలదు. పాత నూలుచీర ముక్కను గిన్నె మూతికి బిగించి, పిండి పోసి, వేళ్లతో మెల్లగా రాస్తుంది. కిందికి దిగిన పొడిని ముంజేతి లోపలివైపు రుద్ది చూసుకుంటుంది. అరచేతులు ఎన్నడో మొద్దుబారాయి. యాభై ఏళ్లు ఈతాకు చీల్చి బుట్టలల్లిన చేతులాయె, వాటికి మెత్తదనం ఎక్కడ తెలుస్తుంది!

మొయినాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, లిదియా పెట్టిన కంపెనీ. లిదియా కూడా అంతమ్మలాగే ఎరుకల పిల్ల. చేవెళ్ల తోటల గులాబీ రేకులు, పెసలు, కస్తూరి పసుపు కలిపి చేయించిన పిండిని పట్నానికి పంపుతుంది. పనిచేసేవాళ్లంతా మొగుడు పోయినవాళ్లో, వదిలేసినవాళ్లో. లాభంలో సగం ఎరుకల ఆడపిల్లల చదువుకు పోతుంది. పొట్లాన్ని చిన్న ఈతాకు బుట్టలో పెట్టి, చేసినామె తన చేత్తో పేరు రాసిన చీటీ కడతారు. కింద కంపెనీ ఫోన్ నంబరు. కొన్నవాళ్లు ఆమెతో మాట్లాడొచ్చు.

ఆ చీటీ కోసమే అంతమ్మ అరవై మూడేళ్ల వయసులో పేరు రాయడం నేర్చుకుంది. మరి ఊరికేనా? సురంగల్‌లో, కనకమామిడిలో గడపగడపకూ తిరిగినన్నాళ్లూ ఆమె "ఓ బుట్టలదానా" మాత్రమే. మొగుడు "ఏయ్" అనేవాడు. ఆయన పోయాక అదీ లేదు. పిల్లలు లేరు. ఇక్కడ అందరికీ అవ్వే. పేరు పెట్టి పిలిచే నోరు ఒక్కటుంటే ఎంత బాగుండునని ఆమెకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

తోటి పనివాళ్లలో కృపాజ్యోతికి మూడు ఫోన్లొచ్చాయి. పద్మమ్మకు ఒకటి. అంతమ్మకు రెండేళ్లలో ఒక్కటంటే ఒక్కటీ రాలేదు. అయినా ఫోన్ మోగితే చాలు, చెయ్యి ఆగిపోతుంది.

మధ్యాహ్నం సద్ది తిని అందరూ నడుం వాల్చాక, ఆమె ఖాళీ చీటీలు ముందేసుకుని పేరు రాయసాగింది. లిదియా చూడనే చూసింది.

"ముందే రాయొద్దని ఎన్నిసార్లు చెప్పిన అవ్వా? బుట్ట నింపినంకనే పేరు. రేపు నువ్వు రాకుంటే వేరేటోళ్ల బుట్ట మీద నీ పేరు పోతది. అబద్ధమైతది గద."

"రాకుంటే ఏడికి పోత బిడ్డా? నాకెవరున్నరు?"

లిదియా రాసిన చీటీలను తీసి గూట్లో పెట్టింది.

"నాకు ఫోనొచ్చిందా ఇయ్యాల?"

"రాలే అవ్వా."

"ఫికర్ లేదు. వస్తదిలే."

నాలుగింటికి భుజం లాగుతోందంటూ గోడకు చేరగిలబడింది. "జర కూసుంట" అంది. పెద్ద ప్రాణం, అలసిపోయిందిలే అనుకున్నారు అందరూ.

ఐదింటికి ఫోన్ మోగింది. మోకిల కొత్త ఇళ్ల నుంచి మేఘ అనే అమ్మాయి. ఈ పిండితో నలుగు పెడితే చంటిపాప ఒళ్లు పట్టులా ఉందట.

"చీటీ మీద పేరు చూశానండీ. అంతమ్మగారితో ఒకసారి మాట్లాడొచ్చా?"

లిదియా సంబరంగా పరుగెత్తింది. "అవ్వా, నీకే! పేరు పెట్టి అడుగుతున్నది!"

ముంజేతి మీద పిండి అట్లాగే ఉంది. చెయ్యి చల్లగా తగిలింది. ఫోన్‌లో ఆ అమ్మాయి "హలో, అంతమ్మగారూ, వినిపిస్తోందా?" అంటూనే ఉంది.

నాలుగో రోజు మళ్లీ పని మొదలైంది. అంతమ్మ వంతు పిండి కృపాజ్యోతి జల్లించి, బుట్టలు నింపి, తన పేరే రాసింది. నియమం అదే కదా. లిదియా పాత చీటీలు చింపబోయింది, చేతులు రాలేదు. గూట్లో, పిండి అంటిన చీర ముక్క పక్కన, పదిహేడు చీటీలు అట్లాగే ఉన్నాయి, ఒక్కోదాని మీద వంకర అక్షరాలతో అంతమ్మ అని.