మనిషికి ఎంత పడుతుంది

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమేస్త్రికి లోకంలో దేన్ని చూసినా ఒకటే ప్రశ్న పుడుతుంది: మనిషికి ఎంత పడుతుంది? మూడు వందల మందికి వండే చేతికి అది సహజమే. పొయ్యి వెలిగించాక రెండు వందల మందికి వండినా, మూడు వందల మందికి వండినా గ్యాసు ఇంచుమించు అంతే. మనుషులు పెరిగేకొద్దీ మనిషి మీద ఖర్చు తగ్గుతుంది. మన మేస్త్రికి తెలిసిన వేదాంతమంతా ఇదే. దీనితోనే ఇన్నేళ్లూ మేనేజర్ల చేత శభాష్ అనిపించుకున్నాడు. దీనితోనే ఈ కథలో బోల్తా కొట్టాడు.

కథ మొదలైంది ఆయన భార్య వల్ల. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. ఏడాదిగా కడుతున్న చిట్టీ చేతికొచ్చిన సాయంత్రం, ఆయన కాళ్లు కడుక్కుని కుర్చీలో కూలబడగానే ఫోను ఆయన మొహం ముందు పెట్టింది. ఊరి మధ్యన ఒక చెరువు, దాని మీద ఎర్రరంగు చెక్క వంతెన.

"హనోయ్ అట. వియత్నాంలో ఉంది. నాలుగు రోజులు మనిద్దరం వెళ్లొద్దామండీ. ఎంత పడితే అంత నేను పెట్టుకుంటాను."

"చెరువు చూడ్డానికి అంత దూరమా?"

"చెరువు కోసం కాదు. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క పూటైనా నా పక్కన కూర్చుని తిన్నారా మీరు? ఏ శుభకార్యానికి వెళ్లినా 'హమ్మయ్య, మేస్త్రిగారొచ్చారు' అని గరిటె చేతిలో పెట్టేస్తారు. నేను తిని చెయ్యి కడుక్కునేసరికి మీరింకా వడ్డిస్తూ ఉంటారు. మనల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేని ఊరు కావాలి నాకు. ఎవరో వండింది, మీరు నా పక్కన కూర్చుని తినాలి. అంతే."

మేస్త్రి కరిగిపోయాడు. నిజంగానే కరిగిపోయాడు, అందులో అబద్ధమేమీ లేదు. "అలాగే పోదాం, నువ్వు అడగడమూ, నేను కాదనడమూనా" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ మర్నాడు క్యాంటీన్ స్టోరు గదిలో ఉల్లిపాయ బస్తా మీద కూర్చుని టిక్కెట్ల ధర చూడబోయాడు.

చూస్తే తలా తోకా అర్థం కాలేదు. పొద్దున బియ్యం కడిగేముందు ఒక ధర ఉంది, గంజి వార్చి వచ్చేసరికి ఇంకో ధర ఉంది. కూరగాయల మార్కెట్లో అయితే వ్యాపారి మొహం చూసి, నాలుగడుగులు వెళ్లిపోతున్నట్టు నటించి, వెనక్కి పిలిపించుకునే విద్య ఆయనకుంది. ఫోను ముందు నాలుగడుగులు వేస్తే ఎవరు పిలుస్తారు? ఒక విమానం చవక, కానీ మధ్యలో ఇంకేదో ఊళ్లో దింపి పగలంతా కూర్చోబెడుతుంది. ఇంకోటి అంతకన్నా చవక, కానీ పెట్టెకి వేరే డబ్బులు. మనిషికి టిక్కెట్టు తీసుకుంటే బట్టలు రావా? ఇదెక్కడి న్యాయం? పైగా అక్కడ కాఫీ ఎంతో చూసి ఆయనకి నిజంగానే కళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం చెప్పులైనా విడవకుండా గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"కాఫీ ముప్పై వేలటే! కొంపలంటుకుంటాయి!"

"అది వాళ్ల డబ్బుల్లోనండీ. మన లెక్కకి తెస్తే ఇక్కడ మంచి హోటల్లో తాగినంతే" అంది భార్య నవ్వుతూ.

ఆవిడ చెప్పింది ఆయన బుర్రకెక్కింది గానీ ముప్పై వేలు మాత్రం గుండెలోంచి దిగలేదు. ఇద్దరి ఖర్చూ కలిపి మనిషికి ఎంత పడుతుందో భాగించి చూశాడు. ఆ అంకె ఆయనకి పచ్చి మోసంలా కనిపించింది. ఇద్దరే అయితే అంతే మరి! టాక్సీ ఇద్దరికీ ఒకటే, నలుగురికీ ఒకటే. గది కూడా అంతే. ఇద్దరి కోసం పొయ్యి వెలిగించడమంటే గ్యాసు తగలెయ్యడమే కదా?

అందుకని చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మేమూ వస్తాం అన్నయ్యా" అంది. ఆమె, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు. మనిషి మీద ఖర్చు దిగింది. మేస్త్రి ఉత్సాహంగా భార్యకి చెప్పాడు. ఆవిడ మాత్రల డబ్బా మూత పెడుతూ "ఊఁ" అంది.

ఆ "ఊఁ"కి మేస్త్రి చెప్పుకున్న అర్థం ఏమిటంటే, ఇంకా తగ్గాలని. డబ్బు ఆవిడది కదా, దిగులుండదూ? అందుకని బావమరిదికి చెప్పాడు. అతను ఏసీలు బాగుచేస్తాడు, తెలియని విషయం లేదన్నట్టు మాట్లాడతాడు. పెళ్లాంతో, కూతురితో వచ్చి చేరాడు. ఆ తర్వాత ట్రావెల్స్ ఆఫీసులో కూర్చునే ఆవిడ, పదిమంది ఉంటే గుంపు కింద రేటు తగ్గిస్తామంది. అప్పటికి తొమ్మిది మందే. ఒక్క మనిషి కోసం రేటు వదులుకుంటారా ఎవరైనా? క్యాంటీన్ క్యాషియర్‌ని అడిగితే భార్యతో సహా సిద్ధమన్నాడు. మొత్తం పదకొండు. నలుగురితో నారాయణ అనుకుని మేస్త్రి తృప్తిగా నిట్టూర్చాడు.

ఒక్కటే అంతుబట్టలేదు. ధర దిగిన ప్రతిసారీ భార్య మొహం కూడా దానితోపాటే దిగుతోంది. మొదట్లో "ఊఁ" అనేది, తర్వాత అది కూడా మానేసింది. ఏం తక్కువైంది? టాక్సీ బదులు వ్యాను మాట్లాడాడు, మంచి కాలం పోయి వానలు పడే నెల అయితే ఇంకా చవకని తేదీలు మార్చాడు. ఆమె కోసమే కదా ఇంత పాటు పడుతున్నాడు! మేస్త్రికి భయంగా కూడా ఉంది. వంట మాడుతుంటే వాసనొస్తుంది. ఇక్కడ ఏదో మాడుతోందని తెలుస్తోంది గానీ ఏ పొయ్యి మీదో తెలియడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ మేస్త్రి ఇంట్లో సమావేశమయ్యారు. హాల్లో కుర్చీలు చాలక పిల్లలు గడప మీద కూర్చున్నారు. ఇంకా టిక్కెట్లే కొనలేదు, చెల్లెలు మాత్రం విమానంలో కిటికీ పక్క సీటు తనదేనని తేల్చేసింది.

"గదులెందుకు బావా దండగ? ఒక ఇల్లు దొరికింది. రెండు పెద్ద గదులు. ఆడవాళ్లందరూ ఒక దాంట్లో, మగవాళ్లందరం ఒక దాంట్లో" అన్నాడు బావమరిది. "ఇంకో సంగతి. వంటగది కూడా ఉంది!"

హాలంతా ఒక్కసారి మేస్త్రి వైపు తిరిగింది.

"అన్నయ్య చేతి వంట ఉండగా హోటల్ తిండి ఎవడికి కావాలి?" అంది చెల్లెలు.

మేస్త్రి మొహం వెలిగిపోయింది. ఇది తనకి ముందే ఎందుకు తట్టలేదు? పొద్దున ఆరింటికి లేచి వండి పడేస్తే తిండి ఖర్చు సగానికి సగం పోతుంది. "ఓస్, పదకొండు మందికా? అది నాకు ఎడంచేతి పని. ఒక కుక్కర్, రెండు గిన్నెలు పెట్టెలో వేసుకుంటాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. క్యాషియర్ అయితే లేచి కరచాలనం చేశాడు.

ఆయన భార్య లేచి లోపలి గదిలోకి వెళ్లింది.

కాసేపాగి మేస్త్రి కూడా లోపలికి వెళ్లాడు. ఆవిడ మంచం మీద కూర్చుని, ఉతికిన తువ్వాళ్లు మడత పెడుతోంది. మడత పెట్టినదాన్నే విప్పి మళ్లీ పెడుతోంది.

"ఇంకా తగ్గించాలా? చెప్పు, ఏదో ఒకటి చేస్తాను" అన్నాడు మేస్త్రి.

"తగ్గించాలంటే ఒక్కటే మిగిలింది. నన్ను తీసేయండి."

"అదేం మాట?"

"మీరు వండుతుంటే చూడ్డానికి వియత్నాం దాకా ఎందుకండీ? ఈ వంటగది గుమ్మంలో కూర్చుంటే కనబడుతుంది. మీరందరూ వెళ్లి రండి. నేను రాను."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మేస్త్రికి కాస్త తేలికగా ఉండేది. ఆయన ఏదో అనబోయేలోగా హాల్లోంచి బావమరిది కేక వేశాడు. గోడలు పల్చన, వాళ్లకి మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"బావా! అక్క రాకపోతే పది మందిమే. గుంపు రేటు పోదుగా? మనిషికి ఎంత పడుతుంది?"

మేస్త్రి తలలో అంకె తిరిగింది. "గుంపు రేటు ఉంటుంది, కానీ ఇంటి అద్దె మనిషికి కొంచెం పెరు..." అని సగం గట్టిగా చెప్పేశాడు కూడా. చెబుతూ చెబుతూ భార్య మొహం చూశాడు.

ఆవిడ కోపంగా లేదు. తను లేకపోతే ఎంత పెరుగుతుందో తెలుసుకుందామన్నట్టు, చేతిలో తువ్వాలుతో, మిగతా మాట కోసం ఎదురుచూస్తోంది.

మేస్త్రికి సిగ్గు ఒళ్లంతా పాకింది. ఇన్ని రోజులుగా మాడుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. పది మంది గురించి లెక్క చెప్పడానికి ఒక్క క్షణం పట్టలేదు తనకి, ఆమె రానంటే 'నువ్వు లేకుండా నేనూ వెళ్లను' అనాలని మాత్రం తోచలేదు.

గుమ్మం దాకా వెళ్లాడు. హాల్లో అందరూ అంకె కోసం చూస్తున్నారు.

"పది కాదు, తొమ్మిది" అన్నాడు. "మేమిద్దరం మీతో రావడం లేదు. మంచి కాలం చూసుకుని విడిగా వెళ్తాం."

"తొమ్మిదైతే గుంపు రేటు పోతుంది బావా! అయినా వంట ఎవరు చేస్తారు?"

"ఏమో, నాకు తెలీదు" అన్నాడు మేస్త్రి. ఆ మాట ఆయన నోట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

హాల్లో గోల మొదలైంది. చెల్లెలు అలిగింది, క్యాషియర్ భార్యని తీసుకుని లేచాడు. మేస్త్రి తలుపు దగ్గరగా వేసి వచ్చి, మంచం మీద భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని మెల్లగా అడిగింది.

"ఇద్దరికే అయితే, మనిషికి ఎంత పడుతుందండీ?"

"ఈసారి లెక్క వేయలేదు" అన్నాడు మేస్త్రి.