డెల్మార్ గుమ్మంలో మండలి కుర్చీ

పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, కాఫీకి నీళ్లు పట్టి, అవి ఎర్రగా రావడం చూసి ఆర్డిస్ నాలుక చప్పరించింది. బోరు మోటారు ఇవాళో రేపో అన్నట్టుంది. తర్వాత మీటింగు గది తలుపు తీసింది. అనుకున్నంతా అయింది. కుర్చీ మళ్లీ వెళ్లిపోయింది.

ఆవిడ పికప్ బండి తాళాలు అందుకుంది.

అమెరికాలో, కొలరాడో తూర్పు మైదానాల్లో, గోధుమ చేల మధ్య ఉంది ఆ ఊరు. ఊరికి నీళ్లిచ్చే మండలికి ఎన్నికలు జరిపించేది ఆర్డిస్. అసలు నీళ్లకీ, దోమల నివారణకీ, శ్మశానానికీ విడివిడిగా ఎన్నికలుంటాయని ఆ దేశంలో సగం మందికి తెలీదు. అయినా ఆవిడ జరిపించే తీరు చూడాలండీ! ఓట్ల పెట్టె ఖాళీగా ఉందని చూపించడానికి దాన్ని బోర్లించి, అడుగున దబదబా చరుస్తుంది. చూడ్డానికి ఎవరూ రాకపోతే దారినపోయే పోస్ట్‌మాన్ని ఆపి మరీ చూపిస్తుంది.

ఇక కుర్చీ సంగతి. మండలిలో ఎవరి స్థానమైనా ఖాళీ అయితే, ఆ కుర్చీ రాత్రికి రాత్రి బయల్దేరి, తనకి నచ్చిన మనిషి గుమ్మంలో నిలబడుతుంది. ఆ ఊరివాళ్లకి వడగళ్ల వాన ఎంతో అదీ అంతే. "కుర్చీ ఇప్పుడెక్కడుందిట?" అని అడుగుతారు, ఇంకో కబుర్లో పడతారు. ఆర్డిస్ మాత్రం, "కుర్చీకి ఓటు లేదు," అంటూ వెళ్లి వెనక్కి తెచ్చేస్తుంది.

ఈసారి పరిస్థితి బాగాలేదు. మండలిలో మిగిలింది ఇద్దరే. మూడో మనిషి లేనిదే తీర్మానం చెల్లదు, తీర్మానం లేనిదే కొత్త మోటారు రాదు. శుక్రవారం సాయంత్రం అయిదులోపు ఎవరూ నామినేషన్ వెయ్యకపోతే మండలి రద్దయి, బోరు కాస్తా దూరాన ఉన్న నగరం చేతికి పోతుంది. ఒక్కరూ ముందుకి రాలేదు. కుర్చీ మాత్రం రోజూ డెల్మార్ ఇంటికే పోతోంది. ఆ డెల్మార్ చూస్తే, భార్య లొరెట్టా పోయినప్పట్నించీ గేటు దాటలేదు.

"వచ్చావా తల్లీ," అన్నాడు డెల్మార్, వరండాలోంచే. "నీ కుర్చీ నా కుక్క చోటు ఆక్రమించింది."

"క్షమించండి, దీనికి బుద్ధి లేదు."

"నీకేం చెప్పాలని లేదా?"

ఎందుకు లేదూ! 'మీరు నిలబడండి బాబూ' అన్న మాట ఆవిడ నాలుక చివరే ఉంది. కానీ ఎన్నికల అధికారి ఎవర్నీ నిలబడమనకూడదు, వద్దనకూడదు. చనువున్నవాళ్ల దగ్గరైనా సరే. ఆవిడ సొంత కుళాయి కూడా ఎండిపోతోంది, అయినా అంతే.

"గాలి ఎక్కువగా ఉంది," అంది ఆర్డిస్.

కుర్చీని చెరోవైపూ పట్టుకుని బండెక్కించారు.

మర్నాడు గురువారం, మళ్లీ కుర్చీ కోసం వెళ్లినప్పుడు కూడా గాలి గురించే మాట్లాడుకున్నారు. బండి కదలబోతుంటే డెల్మార్ కిటికీ మీద చెయ్యేశాడు.

"మీ ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?"

దీనికి జవాబు చెప్పొచ్చు. "అయిదింటికి," అంది, స్టీరింగు గట్టిగా పట్టుకుని.

శుక్రవారం నాలుగున్నర దాటాక తలుపు తెరుచుకుంది. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు డెల్మార్. కాగితం నింపి ఇచ్చాడు.

ఆర్డిస్ చదివి, వెనక్కి జరిపింది. "సాక్షి సంతకం లేదు. ఇక్కడి ఓటరెవరైనా పెట్టాలి."

"నువ్వు పెట్టు."

"తీసుకునేదాన్నే నేను. నేనెలా పెడతాను?"

డెల్మార్ కిటికీలోంచి చూశాడు. ఊరంతా స్కూలు పిల్లల ఆటల పోటీ చూడ్డానికి పోయి, వీధి బోసిగా ఉంది. ఎదురుగా తెరిచి ఉన్నది ఒక్కటే, పశువుల దాణా కొట్టు. అది లొరెట్టా అన్నయ్య వెండెల్‌ది. చెల్లెలి అంత్యక్రియల్లో అతను పాట పాడతానంటే డెల్మార్ వద్దన్నాడు. ఆనాటి నుంచీ మాటల్లేవు.

"వేరే దారి?"

"నేను చెప్పకూడదండీ."

డెల్మార్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, రోడ్డు దాటాడు. ఆర్డిస్ గడియారం వంక చూడలేక గోడ వంక చూస్తూ కూర్చుంది. ఎంతకీ రాడే! ఎట్టకేలకి ఇద్దరూ వచ్చారు. వెండెల్ చేతులకి దాణా పొట్టు ఇంకా అంటుకునే ఉంది.

"సంతకం పెడతాను బావా, కానీ నీకు ఓటు మాత్రం వెయ్యను," అన్నాడు వెండెల్, కలం వెతుక్కుంటూ.

"నువ్వు వెయ్యవని తెలిసే వచ్చాను."

"పోటీ లేకపోతే ఓట్లే ఉండవు," అంది ఆర్డిస్. ఇది నియమం, చెప్పొచ్చు.

వెండెల్ ఆపుకోలేక నవ్వాడు. "అంటే ఈ మొండివాడిని గెలిపించింది నేనన్నమాట!" సంతకం గీకి, "భోజనం చేశావా?" అన్నాడు, కాగితం మీంచి తలెత్తకుండా.

"ఎక్కడ?"

"అయితే పద. కొట్లో, లొరెట్టా నాకిచ్చిన గిన్నెలోనే చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి."

ఇద్దరూ వెళ్లారు. ఆర్డిస్ కాగితం మీద సమయం వేసి, ముద్ర కొట్టి, అయిదు కొట్టేదాకా బల్ల దగ్గరే నిటారుగా కూర్చుంది. ఎవరూ రాలేదు. తాళం వేసింది. బండెక్కి, అద్దాలన్నీ పైకెత్తుకుని, ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్క ఆనందపు కేకగా వదిలింది. చూరు మీద పావురాలు లేచాయి.