టికెట్ లేని జోస్యం

“చస్తుందా, చావదా? ఆ ఒక్క ముక్క చెప్పు చాలు. ఎలా చస్తుందో నేనడగను,” అంది అత్తగారు, చిక్కుడుకాయల పళ్లెం పక్కకు నెట్టి.

“చెప్పను,” అంది కోడలు, జడకు రబ్బరు చుట్టుకుంటూ.

“నోటితో చెప్పొద్దులే. చస్తుందంటే తలూపు.”

“ఊపను.”

“పోనీ కళ్లార్పు.”

“అత్తయ్యా! కాఫీ దగ్గర మొదలుపెట్టారు, నేను చెప్పులేసుకునేదాకా లాగారు. కథ బయటికి చెప్పనని సంతకం పెట్టాను అక్కడ.”

“నేను బయటదాన్నా?”

“మీకు చెబితే మీరు మెట్లు దిగేలోపు బిల్డింగంతా తెలిసిపోతుంది. అంతకన్నా బయట ఇంకేముంది?”

పేపరు చాటు నుంచి మామగారు కిసుక్కున నవ్వారు. అత్తగారు ఆయన వైపు ఒక చూపు చూసింది. పేపరు ఇంకాస్త పైకి లేచింది.

ఆ కోడలు డబ్బింగ్ కళాకారిణి. ఏడింటి సీరియల్లో దొరసానిగా వేసే నటికి మన భాష రాదు. ఆవిడ పెదవులు కదిపితే, గొంతు ఈవిడది. దొరసాని అంటే లోకం ఎరిగిన గయ్యాళి అత్త. పగలంతా చీకటి గదిలో మైకు ముందు నిలబడి కోడళ్లను కాల్చుకుతిని, సాయంత్రం ఇంటికొచ్చి “అత్తయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందా?” అని మెల్లగా అడుగుతుంది. అత్తగారికి అదో వింత సంబరం. తను నోరారా తిట్టలేకపోయినవన్నీ కోడలి నోటే రోజూ వింటోంది మరి.

అయితే కోడల్ని ఇంతగా బతిమాలాల్సిన గతి అత్తగారికి మామూలుగా లేదు. దానికి వేరే ఏర్పాటుంది. నిన్న అది సీరియల్లో దొరసాని పెద్దకోడల్ని ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టి, అక్కడే బిగుసుకుపోయి, తెర మీద గుండ్రం తిప్పుతూ కూర్చుంది. అందుకే ఈ పాట్లు.

ఆ ఏర్పాటు టీవీ కింద నల్లగా, సబ్బుబిళ్లంత ఉంది. కొడుకు పనిచేసే టైర్ల కంపెనీలో పక్క బల్ల వాడు అమ్మాడు. ఒక్కసారి కొంటే చాలు, లోకంలో ఉన్న చానెళ్లన్నీ జన్మంతా ఊరికే వస్తాయన్నాడు. అది ఇంటికొచ్చిన రోజే కోడలు ముఖం మాడ్చుకుంది.

“ఇది మా పొట్టకొట్టే పెట్టె. దీనికి లైసెన్సూ లేదు, పాడూ లేదు.”

“అమ్మడం తప్పట కానీ, చూడ్డం తప్పు కాదట,” అన్నాడు కొడుకు.

“ఎవరన్నారు?”

“అమ్మినవాడే.”

మామగారు బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. “టికెట్ లేకుండా ఎక్కినవాడు కూడా అదే అంటాడు రా. బస్సు ఎటూ వెళ్తోంది కదా, నేనెక్కితే మీకేం పోయిందీ అని,” అన్నారు. ఆ రోజు నుంచి నియమంగా కుర్చీ టీవీకి వీపు పెట్టి వేసుకున్నారు. కాకపోతే మధ్యలో “కాదే, ఆ ఉత్తరం రాసింది మరిది” అని కథ సరిదిద్దేవారు. “చూడనన్నారుగా?” అంటే “చూళ్లేదు, విన్నాను” అనేవారు. “వింటే అర టికెట్టా?” అనేది అత్తగారు.

అసలు రహస్యం ఆవిడ కంటపడింది ఒక మధ్యాహ్నం. అప్పుడు కొడుకూ కోడలూ ఇంట్లో లేరు. మామగారు కునుకు తీస్తున్నారు. రిమోటు మీద ఏదో నొక్కబోయి ఏదో నొక్కితే, ఏడింటి సీరియల్ తెరుచుకుంది. ఇవాళ్టిది కాదు, వచ్చే వారానిది! బొమ్మ కాస్త మసకగా ఉంది, పై మూల అంకెలేవో గిరగిరా తిరుగుతున్నాయి. అయితేనేం, దొరసాని నిక్షేపంలా అరుస్తోంది. అత్తగారు తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఆడవాళ్లంతా చేరినప్పుడు, రెండో అంతస్తు టైలరమ్మ “ఆ పిల్ల ఇల్లు వదిలిపోతుందేమో పాపం” అంది. అత్తగారు కళ్లు సగం మూసింది. “పోదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొస్తుంది. ఆ పిల్ల ముఖంలో పోయే కళ లేదు,” అంది. వారం తిరిగేసరికి ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

అంతే. అక్కణ్నుంచి ఆవిడ జోస్యాలమ్మ అయిపోయింది. కోరినప్పుడల్లా చెప్పేది కాదు. ఒకసారి నిట్టూర్చేది, ఒకసారి ఆకాశం చూసేది, “ఇవాళ తోచట్లేదమ్మా” అని బెట్టు చేసేది. కూర్చోవడానికి ఆవిడకు పై మెట్టు వదిలిపెట్టేవాళ్లు. పెళ్లైన నాటి నుంచీ ఇంట్లో ఆవిడ మాట ఎవరూ చెవిన పెట్టింది లేదు. ఇప్పుడు తను నోరు తెరిస్తే బిల్డింగంతా కుట్టుమిషన్లు ఆపి మరీ వింటోంది. ఆ రుచి మరిగాక వదలడం తేలికా?

కోడలికి ఈ మాట తెలుసు. కానీ, అత్తయ్య సీరియళ్లలో ముదిరిపోయింది, ఊహించి చెబుతోందనుకుని నవ్వుకునేది.

ఆ మధ్య ఒక్క జోస్యం మాత్రం తప్పింది. “దొరసాని మనసు కరుగుతుంది. నోరారా క్షమాపణ అడుగుతుంది, చూస్తూ ఉండండి,” అంది జోస్యాలమ్మ. చూస్తూనే ఉన్నారు. దొరసాని కరగలేదు సరికదా, తన కోడలి బట్టల పెట్టె వీధిలోకి విసిరింది. మెట్ల మీద ఒకటే నవ్వులు. ఇన్ని నిజమై ఇదొక్కటి ఎందుకు తప్పిందా అని టైలరమ్మకు నిద్రపట్టలేదు. ఆవిడ ఆడపడుచు ఆ చానెల్లోనే మేకప్ వేస్తుంది. “కథ ఏమైనా మార్చారా వదినా? మా జోస్యాలమ్మ చెప్పినవన్నీ పొల్లుపోకుండా జరిగేవే!” అని ఫోన్లో ఆరా తీసింది. ఆడపడుచు ఆ మాట చానెల్ మేనేజరు చెవిన వేసింది. జోస్యాలమ్మ ఎవరి అత్తగారో కనుక్కోవడానికి మేనేజరుకు పెద్ద జోస్యమేమీ అక్కర్లేకపోయింది.

పెద్దకోడలు చస్తుందా లేదా అని పొద్దున తగువుపడిన రోజే, కోడలు మధ్యాహ్నానికే ఇంటికి తిరిగొచ్చింది. చెప్పులు విడిచి, గోడకు జారగిలపడి కూర్చుంది.

“నన్ను రావద్దన్నారు. కథ నేనే బయటపెడుతున్నానట. రేపో మాపో తేల్చి చెబుతారట.”

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. మామగారు పేపరు దించారు. కబురు విని కొడుకు పనిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

“అత్తయ్యా, నిజం చెప్పండి. మీకెలా తెలుస్తున్నాయి అవన్నీ?”

అత్తగారు టీవీ కిందకు చూసింది. కోడలూ అటే చూసింది. అప్పుడు కోడలి నోట వచ్చిన గొంతు ఆమెది కాదు, దొరసానిది.

“నా ఇంట్లో ఉంటూ! నా తిండి తింటూ! నా గొంతే దొంగిలిస్తారా?”

పక్కింట్లో ఎవరో టీవీ సౌండు తగ్గించారు.

కొడుకు గొంతు తగ్గించాడు. “పెట్టె సంగతి చెబితే మన మీద కేసు పెడతారేమో. దాన్ని ఎక్కడైనా పారేద్దాం. అమ్మ ఊహించి చెప్పిందందాం.”

“అవును, ఊహించాననే చెబుతా,” అంది అత్తగారు. “రేపు నేనే వెళ్తా.” వెళ్లేటప్పుడు మాత్రం ఎందుకైనా మంచిదని, ఎవరికీ చెప్పకుండా పెట్టెను గుడ్డసంచీలో వేసుకుంది.

మేనేజరు గది చల్లగా, కిటికీలు లేకుండా ఉంది. నల్ల చొక్కా వేసుకున్న సాంకేతిక నిపుణుడు ఒకడు మూల కూర్చున్నాడు. కోడలు తల వంచుకుని నిలబడింది. అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, కళ్లు సగం మూసింది.

“చూడు బాబూ, ముప్ఫై ఏళ్లుగా సీరియళ్లు చూస్తున్నా. ముఖం చూస్తే కథ చెప్పేస్తా. మా పిల్లకు ఏ పాపం తెలియదు.”

“ముఖం చూసి ఆస్పత్రి గది నంబరు కూడా చెప్పారటగా, అమ్మా?”

“అది... తోచింది.”

“సరే. మరి దొరసాని క్షమాపణ అడుగుతుందని ఎలా తోచింది? అసలు కథలోనే లేదే అది?”

ఆ ఓటమి అత్తగారిని ఇంకా లోలోపల కుడుతూనే ఉంది. ఒక్కసారిగా కళ్లు తెరిచింది.

“ఎందుకు లేదు? అడగనే అడిగింది! ‘నా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా’ అంటూ అంటూ ఆగిపోయి, ‘అయ్యో, సారీ అండీ, నోరు తిరగలేదు, ఇంకోసారి చెప్తాను’ అని ఎంత మెత్తగా అందో! మంచినీళ్లు కూడా తాగింది. పాపం మారిందనుకున్నా. మీరే తీసేశారు ఆ ముక్క!”

కోడలు మెల్లగా తలెత్తింది.

“అది దొరసాని కాదు, అత్తయ్యా. నేను,” అంది. “నాకు మాట తడబడితే మైకులో అలా చెప్పి, మళ్లీ మొదలుపెడతాను.”

మేనేజరు ముఖం పాలిపోయింది. నల్ల చొక్కా మనిషి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “పై మూల అంకెలు తిరుగుతుంటాయా, అమ్మా?” అన్నాడు.

“గిరగిరా.”

“సార్, ఇది ఇంకా శుభ్రం చెయ్యని ప్రతి. డబ్బింగ్ వాళ్ల చేతికి ఇది పోదు. మన లోపలి గదులు దాటి పోకూడదు. ఈవిడ చూసిందంటే, దొంగ ఇక్కడే ఎవరో ఉన్నారు.”

అత్తగారు ఇక లాభం లేదనుకుని సంచీలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. నల్ల చొక్కా మనిషి దాన్ని తన కంప్యూటరుకు తగిలించి చాలాసేపు చూశాడు.

“మా అబ్బాయి చూడ్డం తప్పు కాదన్నాడు బాబూ,” అంది అత్తగారు, మొదటిసారి చిన్న గొంతుతో.

“తెలిసి చూడ్డమూ తప్పేనమ్మా. అదలా ఉంచండి. మీరు చూడ్డంతో ఆగలేదు. ఈ పెట్టె మీ ఇంటి నెట్టు వాడుకుని ఇంకెంతమందికో ఇదే పంపిస్తోంది. పోలీసులు వెతుక్కుంటూ వస్తే ముందు దొరికేది మీ చిరునామానే.”

మేనేజరు పెట్టెను తన దగ్గరే ఉంచుకున్నాడు. అమ్మినవాడి పేరు అడిగి తెలుసుకున్నాడు. ఫిర్యాదులో ఈ ఇంటిని సాక్షిగానే రాయిస్తానని, ఇకమీదట ఇలాంటిది గడప దాటి లోపలికి రాకూడదని చెప్పాడు. కోడల్ని మర్నాడు పదింటికి రమ్మన్నాడు.

తిరిగొచ్చే బస్సులో అత్తాకోడళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. సగం దారిలో కోడలే నవ్వింది. “దొరసాని మారిందనుకున్నారా?”

“మారితే బాగుండునని ఉండేది,” అంది అత్తగారు కిటికీలోంచి చూస్తూ.

భోజనాల దగ్గర కొడుకు బెదురుతూనే కంచం ముందు కూర్చున్నాడు. జరిగింది విన్న మామగారు “టికెట్ లేకుండా ఎక్కామనుకున్నాను, బస్సే మనం తోలుతున్నామన్నమాట!” అని నవ్వి, ఆ తర్వాత నవ్వలేకపోయారు. కొడుకు తల్లి వైపు తిరిగాడు. “పోన్లే అమ్మా, పీడ వదిలింది. మెట్ల దగ్గర నువ్వేం చెప్పక్కర్లేదు. జోస్యం తోచట్లేదని మానెయ్. గౌరవంగా ఉంటుంది.”

అది అత్తగారికీ దారి పొడుగునా తోచిన మాటే. కానీ ఇందాక సంచీతో మెట్లెక్కుతుంటే ఇద్దరు ఆడవాళ్లు మాటలు ఆపేసి, కోడలి వైపు అదోలా చూశారు. ఉద్యోగంలోంచి తీసేశారట, కథలు అమ్ముకుందట అన్న మాట అప్పటికే అంతస్తులు ఎక్కేసింది. కోడలు ఏమీ విననట్టు తాళం తీసింది.

అత్తగారు అందరి కంచాల్లో మజ్జిగ పోసింది. తన కంచం దగ్గరకు వచ్చి కూర్చుంది. గొంతు పెంచలేదు.

“రేపు సాయంత్రం నేను కిందికి వెళ్తాను. జోస్యం లేదు, పాడూ లేదు, దొంగపెట్టెలో చూసి చెప్పానని అందరి ముందూ చెప్పేస్తాను. మా కోడలు నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదనీ చెబుతాను.”