పొయ్యికి చెప్పే మాటలు

మా అత్తగారు పాతికేళ్లు బస్సు కండక్టరుగా చేశారు. "ముందుకి జరగండి" అని ఆవిడ ఒక్క కేక వేస్తే, బస్సులో వాళ్లే కాదు, స్టాపులో నిలబడ్డవాళ్లు కూడా ఓ అడుగు జరిగేవారట. అలాంటి మనిషి నా క్లాసులో మూడో బెంచీలో పుస్తకంలోకి తల దూర్చి, నోరు కుట్టేసుకున్నట్టు కూర్చునేవారు.

నేను పెద్దవాళ్ల సాయంకాలపు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆవిడ చదువుకునే రోజుల్లో పదో తరగతిలో అన్నీ పాసై, ఇంగ్లీషు ఒక్కటే పోయింది. రిటైరయ్యాక దాన్ని కూడా గట్టెక్కించాలని పట్టుబట్టి చేరారు. అక్కడ ఇంగ్లీషుకి ఉన్నది నేనొక్కదాన్నే. ఇంట్లో నేను "అమ్మాయి"ని, బడి గేటు దాటితే "మేడమ్"ని. ఆ "మేడమ్"లో ఎంత వెటకారం ఉందో మా ఇద్దరికే తెలుసు.

ఆ ఏడు మాకో నాటకం పాఠంగా వచ్చింది. వందేళ్ల కిందటి ఓ కుటుంబం కథ. కొడుకు యుద్ధానికి పోతాడు, ఇంట్లో అత్తా కోడలూ మిగులుతారు, కోడలు మిల్లులో పనికి పోతానంటుంది. నాటకంతో పాటు సాహిత్యపు మాటలు కూడా నేర్పాలి. జరగబోయేది ముందే ఓ చిన్న గుర్తుతో చూపిస్తే ఫోర్‌షాడోయింగ్ అని చెప్పాను. మర్నాడు మావారు ఆఫీసు నుంచి వస్తూనే, ఎవరూ అడక్కుండా గిన్నెలు తుడవడం మొదలుపెట్టారు.

"చూశావా అమ్మాయ్, ఫోర్‌షాడోయింగ్. వీడు స్నేహితులతో ఎక్కడికో పోతానంటాడు," అన్నారు అత్తగారు.

మావారు అలాగే అన్నారు కూడా. ప్రేక్షకులకి తెలిసింది పాత్రకి తెలియకపోతే డ్రమాటిక్ ఐరనీ అని చెప్పిన రోజు, "వాడి పొట్ట సంగతి కదూ. మనందరికీ తెలుసు, వాడికే తెలీదు," అన్నారు. ఇదంతా ఇంట్లోనే. క్లాసులో అడిగితే నేల చూపులు.

తర్వాత అసైడ్ దగ్గరికి వచ్చాం. రంగం మీద ఓ పాత్ర పక్కకి తిరిగి ప్రేక్షకులకి చెప్పుకునే మాట అది. మన నాటకాల్లో "తనలో" అని వేస్తారు. పక్కనే నిలబడ్డ పాత్రకి అది వినపడదు, అదీ నియమం.

"ఏం, చెవుడా మేడమ్?" అన్నాడు సెలూన్ నడిపే అతను.

"విన్నా వినపడనట్టు ఉండాలి," అన్నాను.

అత్తగారు ఆ రోజు మొదటిసారి తలెత్తి నా వైపు చూశారు. మరి మా ఇంట్లో అసైడ్లు తప్ప వేరే మాటలెక్కడివి? నా మీద ఏదైనా అనాలంటే ఆవిడ పొయ్యికి చెబుతారు. "కొందరికి కూరలో ఉప్పంటే భయం." నేను ఫ్రిజ్‌కి చెబుతాను. "కొందరికి బీపీ అంటే భయం లేదు." ఇద్దరం వింటాం, ఇద్దరికీ వినపడదు. ఇన్నేళ్లూ పోట్లాట లేకుండా అలాగే నెట్టుకొచ్చాం. కానీ నన్ను మెచ్చుకునే మాట ఒక్కటి, ఆ పొయ్యికైనా చెబుతారేమోనని ఎంత చెవులు రిక్కించానో నాకే తెలుసు. ఎప్పుడూ చెప్పలేదు.

ఇంతలో నోటి పరీక్ష వచ్చి పడింది. క్లాసు ముందు నిలబడి ఓ పాత్ర చదవాలి. చదవకపోతే హాల్ టికెట్ రాదు.

"ఈసారి కాకపోతే ఇంక రాను అమ్మాయ్. ఇంగ్లీషుకీ నాకూ తెగిపోయినట్టే," అన్నారు అత్తగారు ముందు రోజు. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

"అమ్మే కదా, మార్కులు వేసెయ్యరాదూ," అని నసిగారు మావారు. నాకు ఒళ్లు మండింది.

"మీ అమ్మగారు మిమ్మల్ని ఎప్పుడైనా టికెట్ లేకుండా బస్సెక్కనిచ్చారా?"



మర్నాడు మార్కులు తనే వేస్తానని హెడ్మాస్టరుగారు వెనక బెంచీలో పెన్ను తీసి కూర్చున్నారు. అత్తగారికి అత్త పాత్రే పడింది. కోడలు పాత్ర చదవాల్సిన ఆసుపత్రి ఆయా డ్యూటీలో ఇరుక్కుని రాలేదు, దాంతో అది నేనే చదివాను. రేపటి నుంచి మిల్లుకి వెళ్తున్నానని కోడలు అంటుంది. దానికి అత్త జవాబు ఓ అసైడ్. అత్తగారు పుస్తకం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్లీ చదివాను. మళ్లీ అంతే. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. నాకు ఆవిడ మీద జాలేసింది, జాలి పడాల్సి వచ్చినందుకు కోపమూ వచ్చింది. ఏం చేస్తున్నానో ఆలోచించకుండా వీపు తిప్పేసి, ఇంట్లో ఫ్రిజ్‌తో అన్నట్టే, బ్లాక్‌బోర్డుతో తెలుగులో అన్నాను.

"కొందరి నోరంతా వంటింట్లోనే."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే నా వెనక నుంచి, "వెళ్లనీ, ఎన్నాళ్లు వెళ్తుందో చూస్తాను" అన్న మాట, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో, చివరి సీటు దాకా వినపడే కండక్టరు గొంతుతో వచ్చింది. అక్కడితో కూర్చుంటారనుకున్నాను. పుస్తకం మూసిన చప్పుడైంది.

"దిస్ టీచర్, మై డాటరిన్లా," అన్నారు క్లాసుతో. "వెరీ గుడ్ టీచర్. ఎట్ హోమ్, ఐ నెవర్ టెల్ హర్. ఐ టెల్ యూ."

హెడ్మాస్టరుగారు పేజీలు తిరగేశారు. "ఇది పుస్తకంలో ఎక్కడుందమ్మా?"

"అసైడ్ కదండీ సార్," అన్నాడు సెలూన్ అతను. "మేడమ్‌కి వినపడదు."

వినపడలేదు కనక నేను వెనక్కి తిరగలేదు. నా కళ్లు ఆరేదాకా ఆ నల్లబోర్డునే చూస్తూ నిలబడ్డాను. తిరిగేసరికి హెడ్మాస్టరుగారు మార్కులు వేసేశారు, అత్తగారు మూడో బెంచీలో ఏమీ ఎరగనట్టు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

ఇంటికొచ్చి వంటకి దిగాం. "కొందరు పరీక్షలో కూడా ఎత్తిపొడవక మానరు," అన్నారు ఆవిడ పొయ్యితో. నేను ఫ్రిజ్ తలుపు తీసి, లోపలికి చెప్పాను.

"కొందరంటే నాకెంత ఇష్టమో వాళ్లకి తెలీదు."

వెనక గరిటె చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. మావారు గుమ్మంలోకొచ్చి, "ఎవరితో మాట్లాడుతోందమ్మా?" అని అడిగారు.

"ఏమోరా," అన్నారు అత్తగారు కూర కలుపుతూ. "నాకేం వినపడలేదు."