వీపు చాలన్న తల్లి

మా స్టూడియోలో కలలకు ఫోటోలు తీస్తాం. బోర్డు మీద కూడా అలాగే రాయించాను. గాల్లో ఎగరాలనుకునేవాళ్లను స్టూలు మీద బోర్లా పడుకోబెట్టి తీసి, ఆ తర్వాత కంప్యూటర్లో స్టూలు చెరిపేసి మబ్బులు పెడతాను. ఇందులో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త పొగరు, ఒప్పుకుంటాను.

ఒక మధ్యాహ్నం బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయింది. నాలుగేళ్ల కూతురు జ్వరంతో పోయి పదహారేళ్లయిందట.

"కల్లో వస్తుంది సార్. పెరుగుతోంది కూడా. ఇప్పుడు నా అంత ఎత్తయింది. కిటికీ దగ్గర నిలబడి జడ అల్లుకుంటుంది. ఇదిగో తిరుగుతుంది, ఇదిగో తిరుగుతుంది అనుకునేలోపు మెలకువ వచ్చేస్తుంది. అలాగే తీసివ్వండి. వీపు చాలు."

"మొహం లేకుండా ఫోటో ఏంటమ్మా?"

"నేనే చూడని మొహం మీరెలా తీస్తారు?"

సంచిలోంచి నీలం గౌను తీసింది. కల్లో చూసిన కొలతలకి తనే కుట్టిందట. జడ ఇలా ఉండాలని, తన ఇరవయ్యేళ్లప్పటి ఫోటో ఒకటి ఇచ్చింది.

మా చెల్లెలికి ఆ గౌను తొడిగి కిటికీ దగ్గర నిలబెట్టాను. ఫోటో చక్కగా వచ్చింది. అక్కడితో ఆగొచ్చు కదా! మొహం లేని ఫోటో నా చేతుల మీదుగా ఎప్పుడూ బయటికి పోలేదు. చేయి ఊరుకోలేదు. చెల్లెల్ని ఇటు తిప్పి ఇంకోటి తీసి, ఆవిడ పాత ఫోటోలోని మొహం అతికించాను. ముక్కు కొంచెం చిన్నది చేసి, చిన్న నవ్వు పెట్టాను.

అది చూసి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషమనుకున్నాను, తెలివితక్కువవాణ్ణి.

వారం తిరక్కుండానే ఫోటో, గౌను పట్టుకుని మళ్లీ వచ్చింది.

"పిల్ల ఇటు తిరిగింది సార్."

"మంచిదేగా అమ్మా?"

"తిరిగితే నేనే! మీ ఫోటోలోలాగే నవ్వుతోంది. రోజూ అదే వస్తోంది. నా పిల్ల ఎటు పోయిందో తెలీదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిణ్ణి కూర్చోబెట్టి, మొదట తీసిన వీపు ఫోటో అప్పటికప్పుడు ప్రింటు తీసిచ్చాను. వెలుతురుకి పట్టి చూసింది. భుజాల మీద వేలు పెట్టి కొలిచింది.

"కొలతలు సరిపోయాయి," అంది. "కానీ ఇప్పుడు వెనక నుంచి చూసినా అవతల ఎవరున్నారో తెలిసిపోతోంది సార్."

రెండు ఫోటోలూ బల్ల మీదే వదిలేసింది. గౌను మాత్రం మడతపెట్టుకుని తీసుకెళ్లింది.